యాదయ్య మూర్ఛపోయిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున్నే యాదయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది: రోజంతా మందు ముట్టకపోవడం. చిన్నదే గాని, ముప్పై ఏళ్లలో ఏ ఆదివారమూ అమలు కానిది.

యాదయ్యది శామీర్‌పేట చెరువు చేపల వ్యాపారం. మేడ్చల్ నుంచి చెరువు గట్టు దాకా ఉన్న ప్రతి బారుకూ, ప్రతి దాబాకూ పొద్దున చేపలు వేస్తాడు. సాయంత్రం వెళ్లి అవే చేపలను వేయించుకుని, అవి బతికుండగా ఈదినంత ద్రవంలో తానూ ఈదుతాడు. కూతురు తృప్తి కండ్లకోయలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, పక్క సీటులోని హర్షను ఇష్టపడింది. హర్షది బందరు. వాళ్ల అమ్మానాన్నలు ఆ రోజే పిల్లను చూడటానికి వస్తున్నారు. తృప్తి పెళ్లయితే గాని యాదయ్యకు తృప్తి లేదు.

"నాయినా, హర్ష వాళ్ల డాడీ హెడ్మాస్టర్ జేసి రిటైరైండు. తాగెటోళ్లను గడప తొక్కనియ్యడట," అంది తృప్తి. "నీ దగ్గర వాసనొచ్చిందో, నా పెండ్లి ఖతం."

"ఒక్క దినమే గద బిడ్డా, ఉంట తియ్యి."

"ఒక్క గంటున్నా గొప్పే," అంది మంచం మీది నుంచి యాదయ్య తల్లి ఈదమ్మ. ఎనభై ఏళ్ల ఈదమ్మకు రావల్కోల్ నుంచి రోజూ కల్లు వస్తుంది. అది తాగితేనే ఆమె కళ్లు తెరుచుకుంటాయి. "అయినా సంబంధం మాట్లాడేటప్పుడు కల్లు వొయ్యకుంటె ఎట్లరా? మన తాతల కాడికెల్లి ఉన్న ఆచారమే గద!"

"అవ్వా, ఇయ్యాల ఆ మాటే ఎత్తకు!" అంటూ తృప్తి కల్లుకుండను తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము వెనక దాచింది.

పదకొండింటికి హర్ష తండ్రి పాండురంగం మాస్టారు సతీసమేతంగా దిగారు. తెల్ల పంచె, మందపాటి కళ్లద్దాలు. ఆయన అలా చూస్తేనే యాదయ్యకు పన్నెండో ఎక్కం మరిచిపోయినట్టు అనిపించింది. అసలు యాదయ్య దాన్ని ఎప్పుడూ నేర్చుకోలేదన్నది వేరే సంగతి.

భోజనాలయ్యాక మాస్టారు, "అలా ఊరు చూసొద్దామండీ," అన్నారు. యాదయ్య తన దోస్తు షఫీయుద్దీన్ ఆటోను పిలిచాడు. షఫీయుద్దీన్ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. చుక్కలు చూసినవాళ్లను ఇళ్లకు చేర్చడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు.

ఆటో హైవే ఎక్కగానే మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "యాదయ్యగారూ, ఇక్కడ మందు కొట్టడానికి మంచి చోటేదండీ?"

యాదయ్య వెన్నులో చెమట కాలువ కట్టింది. హెడ్మాస్టరు ప్రశ్న అడిగేది తనకు తెలియక కాదు, ఎదుటివాడికి తెలుసో లేదో చూడటానికి. ఇది పరీక్ష!

"నాకెట్ల ఎర్కయితది సారూ? ఆ దిక్కు సూడను గూడ!"

"అదిగో, అదేదో బాగున్నట్టుందే. ఆపు బాబూ."

ఆటో ఆగీ ఆగకముందే బారులోంచి వెయిటర్ పరుగెత్తుకొచ్చాడు. "యాదన్నా, నీ మూల టేబుల్ ఖాళీనే ఉన్నది. ఎప్పటిదేనా?"

బారు ముందు యాదయ్య బేజారు. "ఎప్పటి చేపలే! రేపు పంపుత, నువ్వు పో!"

మాస్టారి కనుబొమలు లేచాయి. దోస్తు కష్టం చూడలేక షఫీయుద్దీన్ అందుకున్నాడు. "ఖసమ్ సే సార్, యాదన్న చేపలేసుడే గాని లోపలికి పోడు. మందు వాసనొస్తే చాలు, చక్కరొచ్చి పడిపోతడు!"

"వాసనకేనా?" మాస్టారి ముఖం ఎందుకో వాడిపోయింది. "పోనీ, చెరువు చూద్దాం," అన్నారు.

చెరువు గట్టు మీది దాబా బాలేష్‌కు వాళ్లను చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఒక చేత్తో సగం సీసా, ఇంకో చేత్తో చెప్పుల జత పట్టుకుని ఎదురొచ్చాడు. "అన్నా, మొన్న నువ్వు ఇడిసిపోయిన సగం! పేరు రాసి దాసిన."

"అది ఇంకో యాదయ్యది!"

"గీ చెప్పులు గూడ ఇంకో యాదయ్యయేనా?"

"అవు సార్," అన్నాడు షఫీయుద్దీన్ మాస్టారితో. "ఇంకో యాదయ్య ఉన్నడు, మస్తు తాగుబోతు. ఆయనతోని ఈయన బద్నాం."

బాలేష్‌కు ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అతను చేసే పని ఒకటే: మూత తీశాడు. వాసన గుప్పుమంది. షఫీయుద్దీన్ యాదయ్యను మోచేత్తో పొడిచాడు. యాదయ్యకు బిడ్డ పెళ్లి కళ్ల ముందు కదిలింది. ఇక తప్పక, చేపల బుట్టల మధ్య చోటు చూసుకుని వెల్లకిలా పడిపోయాడు.

"ఏం కాదు, రెండు సుక్కలు పోస్తె లేస్తడు," అంటూ బాలేష్ సీసాను యాదయ్య పెదవుల దాకా తెచ్చాడు. లోకంలో ఏ మనిషీ నోరు అంత గట్టిగా మూసుకుని ఉండడు.

"చంపేస్తావా ఏమిటయ్యా!" మాస్టారు సీసా లాక్కుని గట్టు మీద బోర్లించారు. గుటగుటమని శబ్దం. మూసిన యాదయ్య కళ్లలోంచి రెండు చుక్కలు జారాయి.

"చూశారా, స్పృహ లేకపోయినా కన్నీళ్లు!" మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

యాదయ్య కళ్లు తెరవగానే ఆయన అతని చేతులు పట్టుకున్నారు. "నన్ను క్షమించండి. బందరు చిన్న ఊరండీ. పక్కనే సముద్రం ఉందన్న మాటేగాని, నాలాంటివాడు కూర్చుని గొంతు తడుపుకునే చోటు లేదు. ఎక్కడ అడుగుపెట్టినా ఒక శిష్యుడు, 'నమస్కారం మాస్టారూ' అంటూ. ముప్పై నాలుగేళ్లు దాహంతో ఉన్నాను. నా సంగతి హర్షకు కూడా తెలీదు. ఇక్కడైనా కాబోయే వియ్యంకుడితో రెండు పెగ్గులు వేద్దామని..."

యాదయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. "సారూ! అసలు సంగతేందంటె..."

"మాట్లాడకండి, నీరసం! మీ తల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇక చుక్క ముట్టను. పెళ్లయ్యాక నెలకు రెండుసార్లు వచ్చి మీ పక్కనే ఉంటాను. ఆ వాసన మీ దరిదాపులకు రానివ్వను."

యాదయ్య ఈసారి నిజంగానే మూర్ఛపోవాల్సింది. కానీ ఒకే పూట రెండుసార్లంటే మాస్టారు ఆస్పత్రికి తీసుకెళ్తారని ఊరుకున్నాడు. దారి పొడవునా బార్లు బారులు తీరి నిలబడ్డాయి. ఇద్దరూ తలలు వంచుకుని ఇల్లు చేరారు.

ఇంట్లో చాప మీద ఈదమ్మ, మాస్టారి భార్య ఎదురెదురుగా కూర్చుని నవ్వుకుంటున్నారు. మధ్యలో కల్లుకుండ బోర్లా పడి ఉంది. గుమ్మం పక్కన తృప్తి సిగ్గుతో నిలబడింది.

"రా బిడ్డా! సంబంధం ఖాయం జేసినం," అంది ఈదమ్మ.

"పిల్ల బంగారమండీ," అంది మాస్టారి భార్య. "పెద్దావిడ ఆచారమంటే కాదనలేక ఒక్క గ్లాసు పుచ్చుకున్నాను. ఆ తర్వాత ఆచారం కాస్త ఎక్కువైంది."

"ముందు ఆ కుండ అవతలికి తీసెయ్!" అన్నారు మాస్టారు. "యాదయ్యగారికి వాసన పడదు."

"వీనికా?" అంది ఈదమ్మ. తృప్తి గట్టిగా దగ్గింది. ఈదమ్మ మనవరాలినీ కొడుకునూ మార్చి మార్చి చూసి, "అవునవును, పుట్టినకాడికెల్లి గంతే," అంది. "మీ ఇద్దరికి సల్ల పెట్టిన, తాగుండ్రి."

వియ్యంకులిద్దరూ ఖాళీ కుండను చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. చల్ల అందుకున్నారు.

షఫీయుద్దీన్ మాత్రం మూడో గ్లాసు చల్ల కూడా ముగించి మూతి తుడుచుకున్నాడు. "గింత మంచి జాగ ఇంట్లనే పెట్టుకొని, పొద్దంత ఊర్లు పట్టుకొని ఎందుకు తిరిగినం సార్?"