తనకు తానే సమానం కాని తాయారు

మనుషులంతా సమానమేనని పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఎటొచ్చీ, ఏ మనిషైనా తనతో తాను సమానమేనా అన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఆ లోటు నరసన్నపేట నేత్ర సమానత్వ కేంద్రంలో తీరింది.

ఆ కేంద్రం కంప్యూటరులో ప్రతి రోగీ ఒక ఆబ్జెక్టు. అంటే వస్తువు. (చిన్నచూపేమీ లేదు, అధికారులూ అందులో వస్తువులే, కాకపోతే జీతమున్న వస్తువులు.) నమోదైననాటి వస్తువునూ ఇవాళ్టి వస్తువునూ పక్కపక్కన పెట్టి, బరువు, ఫోను నంబరు, కళ్లు ఇలా నలభై రెండు గడులూ కలిస్తేనే అది 'సమానం' అంటుంది. మనిషిని గుర్తుపట్టడానికి కార్డు నంబరొక్కటి చాలదా అని ప్రోగ్రాము రాసినాయన్ని ఎవరో అడిగారట. ఉన్న గడులు వాడకపోతే ఆడిట్ వాళ్లు ఊరుకోరన్నాడట.

తాయారుకు రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడికన్ను ఆపరేషను పోయిన నెల అక్కడే అయింది. ఎడమకన్ను మిగిలిపోయింది. ఆ పక్కనుంచి వచ్చే లారీ హారన్ కొడితే తప్ప ఉన్నట్టు లెక్క కాదు. మొన్న హైవే దాటుతూ ఒకదాని కింద పడబోయింది. ఇవాళా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"సమానం కాదమ్మా," అన్నారు సహాయ సమానత్వాధికారి గోవిందరావుగారు. "నమోదైన తాయారుకు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. మీకు ఒకదాన్లోనే ఉంది."

"ఒకటి మీరే తీసీసినారు గదేటి బాబూ!"

"తీశాం. ఆమెకు తీశాం."

"ఆమెవులు? నానే గదేటి!"

"అది మీరంటున్నారు. కంప్యూటరు అనడం లేదు."

అసలు తాయారును వెంటబెట్టుకొస్తే రెండో కన్ను ఆ నిమిషమే మంజూరు. లేదూ, కుడికంట్లో శుక్లం మళ్లీ వచ్చినట్టు డాక్టరు రాసిచ్చినా చాలు (నమూనా ఏడు, రెండు ప్రతులు). గోవిందరావుగారు ఇదంతా ఎంతో మర్యాదగానే చెప్పారు.

తాయారుకు ఒళ్లు మండిపోయింది. "నీ మిసనుకి మతి పోనాది. ఎవుల్నీ పోల్సుకోనేదది. మా ఆయనా నాతోపాటే పేరు రాయించినాడు, పిలుపు రాకముందే పోనాడు. ఆయన కార్డు కొట్టి సూడు, ఏటంటాదో!"

గోవిందరావుగారు కొట్టారు. నరసింగరావు. పోయి ఏడాదైంది. ఈ ఏడాదిలో ఆయన బరువు మారలేదు, ఫోను నంబరు మారలేదు, కళ్లు అసలే మారలేదు. నలభై రెండు గడులూ పచ్చగా వెలిగాయి. (ప్రాణం ఉందా లేదా అన్నది నలభై మూడో గడి; వచ్చే ఏడాది చేరుస్తారు.) ఇంత నిలకడగల రోగిని కేంద్రం ఇదివరకు ఎరగదు. గురువారం ఉదయం తొమ్మిదింటికి ఆపరేషను ఖాయమైందని చీటీ కూడా వచ్చేసింది.

"సచ్చిపోయినోడికి సేస్తారు, బతికున్నదానికి సెయ్యరా?" చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది తాయారు. "పోనీ బాబూ, ఆయనకి తోడని సెప్పి నానొస్తాను. ఆ మంచమ్మీద నానే పడుకుంటాను. ఎలాగోలా సేసీండి."

గోవిందరావుగారు చీటీ వెనక్కి తిప్పి నిబంధన చదివి వినిపించారు. రోగికి తోడుగా వచ్చేవారికి రెండు కళ్లూ కనిపించాలి.