ఐదు సీట్ల కుటుంబం

మూడో కారు గురువారం ఉదయం పదింటికి కుటుంబాన్ని చూసుకోవడానికి వస్తుందని కాకినాడలో కొత్తపల్లి మురారి ఇంటికి కబురందింది. మొదటి రెండు కార్లూ ఇలాగే వచ్చాయి. చూసుకున్నాయి, వాటి తరపువాళ్లు జంతికలు తిని కాఫీ తాగారు, "ఏ సంగతీ కబురు చేస్తాం" అని వెళ్లిపోయారు. కబురు చేస్తామంటే అర్థమేమిటో తెలుగువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. మూడోది కూడా తప్పిపోతే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి మూడేళ్లు ఆగాలి కాబట్టి ఇంట్లో ఆరుగురూ ఆ వారమంతా అదే పని మీద ఉన్నారు.

ఆరుగురంటే కరెంటాఫీసులో పనిచేసే మురారి, అతని భార్య హైమ, తల్లి సుభద్రమ్మ, కూతుళ్లు లాస్య, చిట్టి, ఇంకా మురారి అక్క ఇందుమతి. ఇందుమతికి యాభై రెండేళ్లు. పోస్టాఫీసులో పార్శిళ్ల కౌంటరు ఆవిడది. ఏ పెట్టెలో ఏది పడుతుందో, ఏది పట్టదో దూరం నుంచి చూసే చెప్పేస్తుంది. పెళ్లి కాలేదు. ఆ ఇంట్లో ఇంతవరకూ కుదిరిన పనులన్నీ ఆవిడ దగ్గరుండి చూసుకుంటేనే కుదిరాయి, ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

కారు మీద అందరికన్నా ఎక్కువ మోజు ఆవిడకే. ఏ కారు లీటరుకి ఎంత ఇస్తుంది, ఏది ఘాట్ రోడ్డు ఎక్కుతుంది, ఏ డిక్కీలో రెండు సూట్‌కేసులూ ఒక పులిహోర డబ్బా పడతాయి, తమ్ముడి జీతానికి ఏది తూగుతుంది అన్నీ మూడేళ్లుగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చింది. చివరి పేజీలో వేసవి సెలవులకి అరకు ప్రయాణం ఉంది. ఎక్కడ టిఫిను తినాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడిదాకా ఎవరు కిటికీ పక్కన కూర్చోవాలి అన్నీ ఆరుగురి పేర్లతో సహా రాసి ఉన్నాయి. ఆవిడ ఇంతవరకూ అరకు చూడలేదు.

మొదటి కారుకి ఏడు సీట్లు. అది సందు మలుపులోనే మూతి ముడుచుకుంది. మురారి జీతం విన్నాక, తమకి విశాఖపట్నం నుంచి ఇంకా పెద్ద కుటుంబాలు వస్తున్నాయని దాని తరపువాళ్లు నసిగారు. రెండోది బుల్లి కారు, మనసు మంచిదే, కానీ ఘాట్ రోడ్డు మాట వినగానే దాని బ్యాటరీ దిగిపోయింది, తోసుకుంటూ పంపించాల్సి వచ్చింది. ఇక మూడోది మధ్యరకం. అన్నింటికీ సరిపోతుంది. సీట్లు మాత్రం ఐదు. నోటుపుస్తకంలో ఆ అంకె పక్కన ఇందుమతి "సర్దుకుంటాం" అని రాసి కింద గీత గీసింది.

గురువారం పదింటికి కారు నెమ్మదిగా వచ్చి పోర్టికోలో ముగ్గు మీద ఆగింది. వెంట షోరూం తరపు పెద్దమనిషి ఒకరు, కార్లకీ కుటుంబాలకీ జత కుదిర్చే సరిపోలిక శాఖ అధికారి ఒకరు వచ్చారు. పద్ధతి ప్రకారం కారు మాట్లాడదు. దాని తరపువాళ్లు అడుగుతారు. నచ్చని మాట వినపడితే అది వైపర్ ఆడిస్తుంది. అధికారి ముందు అందరినీ ఒకసారి ఎక్కి దిగమన్నారు. ఇందుమతి అప్పుడు వంటింట్లో కాఫీలు కలుపుతోంది. సుభద్రమ్మ మోకాళ్లు సహకరించకపోయినా నవ్వుతూ దిగింది. పిల్లలు సీట్ల మీద ఐస్‌క్రీం తింటారా అని అడిగితే, తమ పిల్లలు తీపి ముట్టరని మురారి చెప్పాడు. ఘాట్ రోడ్డులో ఎవరికైనా వాంతులవుతాయా అని అడిగితే, బస్సు మూడో మలుపు తిరిగేలోగా తిన్నదంతా కక్కేసే హైమ, "మా ఇంటా వంటా లేవండి" అంది.

అంతా సవ్యంగా నడుస్తోంది. అప్పుడు అధికారి పెన్ను మూత తీసి తలలు లెక్కపెట్టారు.

"ఆరుగురు కనిపిస్తున్నారే" అన్నారు.

"చిన్నది ఒళ్లో కూర్చుంటుందండి. సర్దుకుంటాం" అన్నాడు మురారి.

"ఒడిని సీటు కింద రాసుకునే వెసులుబాటు రెండేళ్ల కిందటే ఎత్తేశారండి. సర్దుకోవడానికి ఫారంలో గడి లేదు."

చినుకైనా లేకుండా వైపర్ ఒకసారి అటు వెళ్లి ఇటు వచ్చింది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. మురారి ముగ్గు చూస్తున్నాడు, హైమ చిట్టి జడ సవరిస్తోంది, సుభద్రమ్మ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటోంది. ఇందుమతి చేతిలో కాఫీ గ్లాసుల పళ్లెం ఉంది. ఆ పళ్లెం చూడగానే ఆవిడకి తన పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. ఇరవై రెండో ఏట జరిగాయవి. ఆ రోజు కాఫీలు అందించిన అమ్మాయి ఎవరని పెళ్లికొడుకు అడిగితే పక్కింటి అమ్మాయని చెప్పారు. తర్వాత ఆ అమ్మాయినే చేసుకున్నారు వాళ్లు. పళ్లెం పట్టుకున్న మనిషిని పక్కింటి మనిషంటే ఎవరైనా నమ్ముతారని ఇందుమతికి అప్పటినుంచీ తెలుసు.

"నేను పక్కింటిదాన్నండి. సాయానికొచ్చాను" అంది, గ్లాసు అధికారికి అందిస్తూ.

అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. అధికారి ఐదుగురని రాసుకున్నారు. వైపర్ పడుకుంది. సంబంధం ఖాయమైంది. షరతు ఒక్కటే, ఆరు నెలలు పరిశీలన. చెప్పిన వివరాల్లో ఏది తప్పని తేలినా కారు తన దారిన తాను వెళ్లిపోతుంది, ఆ కుటుంబం గడప మరే కారూ తొక్కదు.

కాగితం మీద పక్కింటావిడ ఉన్నప్పుడు పక్కిల్లు ఉండాలి కదా. శనివారం శాఖ తరపున ఇద్దరు తాపీమేస్త్రీలు వచ్చి ఇందుమతి గదికీ హాలుకీ మధ్య తలుపు తీసేసి గోడ కట్టారు. వీధి వైపు కొత్త తలుపు పెట్టి ఇంటి నంబరు పక్కన గీత గీసి ఒకటి వేశారు. ఇందుమతే వాళ్లకి టీ పెట్టిచ్చి, కిటికీ ఏ ఎత్తులో ఉండాలో చెప్పి, సిమెంటు పాలు తక్కువైందని గదమాయించింది కూడా. పోతూపోతూ ఒకతను తలుపు పక్కన గోడకి పెద్ద మేకు కొట్టాడు.

"అదెందుకయ్యా?" అంది.

"పక్కిళ్లన్నిటికీ కొడతామండి" అన్నాడతను.

"ఆర్నెల్లే కదే. ఎంతలో గడుస్తాయి" అంది సుభద్రమ్మ కూతురితో. ఇందుమతి కూడా అలాగే అనుకుంది.

పోర్టికోలో కారు రెండు తలుపులకీ రెండేసి బారల దూరంలో నిలబడి ఉండేది. ఏ మాటన్నా దానికి వినపడుతుంది. అందుకని పిల్లలకి అత్త ఆంటీ అయింది, మురారికి అక్క ఇందుమతి గారు అయింది. మొదట్లో ఇదంతా భలే సరదాగా ఉండేది. హైమ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ, "కొత్తగా వచ్చారు కదండీ, రుచి చూడండి" అని గిన్నెలో గుత్తివంకాయ కూర పట్టుకొచ్చేది. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి ఇందుమతి అందులో ఏ సున్నుండలో వేసి పంపేది. రెండో నెలకి నవ్వు తగ్గింది. మూడో నెల నుంచి గిన్నె పండగలకే వచ్చేది.

ఉగాది ముందు రోజు సుభద్రమ్మ ఇందుమతి కిటికీలోంచి తొంగిచూసి, "నాలుగు కరివేపాకు రెబ్బలుంటే ఇస్తారాండీ?" అంది. కన్న తల్లి నోట ఆ అండీ విన్నాక ఇందుమతికి దుఃఖం ఆగలేదు. కిటికీ కింద కుండీలోంచి రెబ్బలు కోసిచ్చి, లోపలికి వెళ్లి, కారుకి వినపడకుండా కుళాయి తిప్పుకుని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని క్యాలెండరులో మిగిలిన రోజులు లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. ముప్ఫై తొమ్మిది రోజులు ఒక లెక్కా అనుకుంది.

పక్కింటి నుంచి చూస్తే వీధి కొత్తగా కనిపించింది. ఆ సందులో ఇరవై రెండు ఇళ్లు, పంతొమ్మిది పక్కిళ్లు ఉన్నాయి. అన్నిటికీ ఒకటే గది, ఒకటే కిటికీ. ఎదురు పక్కింట్లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఆయన భార్య ఉంటారు. ఒకరోజు పాలప్యాకెట్ల దగ్గర ఆయన పలకరించారు.

"మీవి ఐదు సీట్లేనామ్మా?"

"ఐదేనండి."

"మావాడిది నాలుగు. ఇద్దరం వచ్చేశాం" అన్నారాయన, చిల్లర లెక్కచూసుకుంటూ.

మా సంగతి వేరులెండి, మాకు గడువుంది అనబోయి ఇందుమతి ఊరుకుంది.

మే నెల మొదటివారంలో గడువు తీరింది. అధికారి వచ్చి రెండు తలుపులూ తట్టి చూసి, "కుటుంబం ఐదుగురు. పక్కింటివారితో సఖ్యత బాగుంది" అని రాసి ముద్ర వేసి వెళ్లారు. ఇక కారు ఎప్పటికీ వాళ్లదే. వీధి మలుపులో కనిపించినప్పుడు మురారి సంతోషంగా చెయ్యూపాడు. మర్నాడే అరకు ప్రయాణం. ఇందుమతి పోస్టాఫీసుకి నాలుగు రోజులు సెలవు పెట్టింది. రెండు చీరలూ ఒక శాలువా సంచిలో సర్దుకుని తలుపు వెనక పెట్టుకుంది. ఆరుగురికీ పులిహోర కలిపింది. కూర్చోవడం సంగతంటారా, ముద్ర పడిపోయాక ఇక ఒడిని ఎవరు అడుగుతారు, సర్దుకుంటారు.

తెల్లవారి ఆరింటికి మురారి గాలి పెట్టించుకు రావడానికి కారు తీసుకుని బంకుకి వెళ్లాడు. పోర్టికో ఖాళీగా ఉంది. వినేవాళ్లెవరూ లేరు. తలుపు చప్పుడైతే ఇందుమతి ఒక్క అంగలో వెళ్లి తీసింది. ఎదురుగా కొత్త గౌనులో చిట్టి నిలబడి ఉంది.

"ఆంటీ" అంది చిట్టి.

ఇందుమతి పోర్టికో వంక చూసింది. నేల మీద ఆయిల్ మరక తప్ప ఏమీ లేదు.

"కారు లేదుగా చిట్టీ" అంది నెమ్మదిగా.

"బంకుకెళ్లిందండి. మేం ఊరెళ్తున్నాం. ఈ తాళం మీ దగ్గర ఉంచమంది అమ్మ. మొక్కలకి కాసిని నీళ్లు పోస్తారా అంది."

చిట్టి కళ్లల్లో దాపరికమేమీ లేదు. ఏడేళ్ల పిల్ల, ఆర్నెల్లంటే దానికి చాలా కాలం. గోడ అవతల హైమ పెట్టెలు లెక్కపెడుతోంది. సుభద్రమ్మ తన కళ్లజోడు ఎక్కడని అడుగుతోంది. ఆ కళ్లజోడు టీవీ వెనక ఉంటుందని ఇందుమతికి తెలుసు.

ఆవిడ లోపలికి వెళ్లి నోటుపుస్తకంలో చివరి పేజీ చింపి, పులిహోర డబ్బాతో పాటు చిట్టి చేతిలో పెట్టింది.

"మీ నాన్నకివ్వు, ఎక్కడ ఆగాలో ఇందులో ఉంది. ఘాట్ రోడ్డు మొదలవగానే మీ అమ్మ చేతిలో నిమ్మకాయ పెట్టాలి. మూడో మలుపు దాకా ఆగితే లాభం లేదు."

చిట్టి ఆశ్చర్యంగా చూసింది. "మా అమ్మకి వాంతులవుతాయని మీకెలా తెలుసండీ?"

"పక్కింటివాళ్లకి అన్నీ తెలుస్తాయమ్మా" అంది ఇందుమతి.

సందు చివర హారన్ మోగింది. చిట్టి పరిగెత్తింది. ఇందుమతి సంచిని కాలితో తలుపు వెనక్కి ఇంకాస్త జరిపి, తాళంచెవి గోడకున్న మేకుకి తగిలించింది. చెయ్యి పైకి చాపకుండా, నడుం వంచకుండా అందింది.