ఇరవై ఏడో వంతు కారు

మానవజాతి ఇంతవరకు సాధించిన ఏకాభిప్రాయాల్లో ఘనమైనది ఒక్కటే: ప్లాస్టిక్ బొమ్మకారు అసలు కారులో సరిగ్గా ఇరవై నాలుగో వంతు ఉండాలి. దేవుడి విషయంలో కుదరని రాజీ, కూరలో ఉప్పు విషయంలో కుదరని రాజీ, ఫ్యాను రెండులో తిరగాలా మూడులో తిరగాలా అన్నదాని మీద ఏ కాపురంలోనూ కుదరని రాజీ ఇక్కడ కుదిరింది. (ఇరవై అయిదో వంతు వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ప్రదర్శనలో వేరే బల్ల, వేరే మంచినీళ్ళ కూజా ఏర్పాటు చేశారు.)

ఈ మహత్తర ఒప్పందానికి మా నాన్న వల్ల ముప్పు వచ్చింది.

నాన్న ముప్ఫై ఒక్క ఏళ్ళు టాక్సీ నడిపారు. మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చుని, తను నడిపిన కారుకి ముక్కలతికి బొమ్మ చేసుకునే కిట్టు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికారు. భూప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క కంపెనీ చేసింది. ఆ కంపెనీ దగ్గర అంతకుముందు సబ్బుల కోసం కొట్టించిన అట్టపెట్టెలు మిగిలిపోయాయట. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడిలాగా, పెట్టెలో పట్టేంత కారు తయారుచేశారు. తీరా కొలిస్తే అసలు కారులో ఇరవై ఏడో వంతు తేలింది. అటువంటి వంతు లోకంలో మరెవరి దగ్గరా లేదు.

ఆ ముక్కలన్నీ అతికి, రంగు వేసి మిగతా కారంతా చేయడానికి నాన్నకి నెలన్నర పట్టింది. వెనక సీటు ఒక్కదానికే నాలుగు నెలలు పట్టింది. అసలు సీటు ఎడమ పక్క చిరిగితే అమ్మ ఆకుపచ్చ దారంతో కుట్టింది. ఆ కుట్లు పదకొండు. బ్రష్షులో ఒక్క వెంట్రుక మిగిల్చి, ఊపిరి బిగబట్టి, పదకొండూ వేశారు. ఎందుకంత శ్రద్ధ అంటే, నేను పుట్టింది ఆ సీటు మీదే. ఆస్పత్రికి రెండు సిగ్నళ్ళ ఇవతల, ఎర్రలైటు పడి ఉండగా. నా జనన ధ్రువపత్రంలో జన్మస్థలం అన్నచోట అప్పట్లో కారు నంబరే ఉండేది.

నాన్న కోరిక ఒక్కటే. ఏటా జరిగే బొమ్మకార్ల ప్రదర్శనలో, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, పేరు రాసిన చీటీతో ఆ కారు నిలబడాలి. అమ్మ వచ్చి కిటికీలోంచి తొంగిచూసి కుట్లు లెక్కపెట్టాలి. అంతవరకు అమ్మకి చూపించనే లేదు, అలమారాలో పెట్టి తాళం వేశారు.

దరఖాస్తు యాప్‌లో పెట్టాలి. వంతు అన్నచోట మూడు గడులున్నాయి: ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇతరములు. ఇతరములు నొక్కితే యాప్ మూసుకుపోతుంది. (అది లోపం కాదు, సమాధానం అని సహాయ విభాగం వారు వివరించారు.) దాంతో కారుని చేతిరుమాల్లో చుట్టుకుని, నాన్నా నేనూ బొమ్మకార్ల సమాఖ్య ఆఫీసుకి వెళ్ళాం.

అక్కడ వంతుల నిర్ధారణాధికారి ఉన్నారు. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట స్టీలు స్కేలు ఉంది. కారుని కొలిచి, మళ్ళీ కొలిచి, కిటికీ దగ్గర వెలుతురులో ఇంకోసారి కొలిచారు.

"ఇరవై ఏడా? అలాంటి అంకె లేదండీ" అన్నారు.

"ఇరవై ఆరు తర్వాత వస్తుందండీ" అన్నారు నాన్న.

"లెక్కల్లో వస్తుందేమో. ఫారంలో రాదు."

మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పొమ్మనేవాడు, మేమూ ఇంటికి పోయేవాళ్ళం. సాయం చేసే గుణం ఉండటంతో ఆయన కాగితం తీసి లెక్క వేశారు. బొమ్మ పొడవు పదహారు సెంటీమీటర్లు. పదహారుని ఇరవై నాలుగుతో గుణిస్తే మూడువందల ఎనభై నాలుగు. అసలు కారు నాలుగువందల ముప్ఫై రెండు.

"చూశారా, తప్పు బొమ్మది కాదు. మీ అసలు కారే నలభై ఎనిమిది సెంటీమీటర్లు పొడుగుంది. అది తగ్గించుకొస్తే మీ బొమ్మ నిక్షేపంగా ఇరవై నాలుగో వంతు."

"ఆ కారు తుక్కుకి పోయి తొమ్మిదేళ్ళయిందండీ."

"మరీ మంచిది. ఎదురు చెప్పదు."

కాగితాల్లో కారు పొడవు తగ్గించమని రవాణా శాఖకి వెళ్ళాం. అక్కడ ఇదంతా కొత్త అనుకున్నాను. కాదు. గుమ్మం దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా "పొడిగించాలా, కుదించాలా?" అని అడిగి, కుదింపు అనగానే నాలుగో కౌంటర్ చూపించాడు. మా ముందు పదకొండు మంది ఉన్నారు. ఒకాయన తన బస్సు సందులో తిరగడం లేదని ఏడాదికింత చొప్పున కుదించుకుంటూ వస్తున్నాడు. కాగితాల్లో అది ప్రస్తుతం సైకిలట. "పోయిన వారమే బెల్లు మంజూరైంది" అని ఆనందంగా చెప్పాడు. నాన్న ఆయనకి అభినందనలు చెప్పారు.

నాలుగో కౌంటరావిడ కళ్ళజోడు సవరించుకుని, నలభై ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కడి నుంచి తీయాలో చెప్పమంది. ఇంజన్ తీయడానికి లేదు, దాని మీద నంబరుంది. ముందు సీటు తీయడానికి లేదు, అందులో లైసెన్సున్న మనిషి కూర్చుంటాడు. డిక్కీకి ఫారంలో ప్రత్యేకంగా ఒక గడి ఉంది, కాబట్టి దాన్ని ముట్టుకోవాలంటే పైవాళ్ళ సంతకం కావాలి.

"వెనక సీటుకి గడి లేదు. గడి లేనిదాన్ని తీసేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక్కడ సంతకం పెట్టండి."

"వద్దు నాన్నా" అన్నాను.

"కాగితం మీదే కదమ్మా. బొమ్మలో ఉంటుందిగా" అన్నారు నాన్న. ఆ గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. నాకు ఒళ్ళు మండింది. అయినా పెన్ను ఇచ్చింది నేనే.

ప్రదర్శన రోజు నాన్న పెళ్ళికొడుకులా తయారయ్యారు. అమ్మని సందర్శకుల వరుసలో నిలబెట్టి మేం లోపలికి వెళ్ళాం. నిర్ధారణాధికారి స్కేలు తీసి కారుని కొలిచారు. పదహారు. ఫైలు చూశారు. మూడువందల ఎనభై నాలుగు. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత కిటికీలోంచి తొంగిచూశారు.

"భేషుగ్గా ఉందండీ. కాకపోతే లోపల ఒక వస్తువు ఎక్కువైంది."

"అది వెనక సీటండీ."

"ఏ కారుది?"

ఫైల్లో నాన్న సంతకమే ఉంది. నాన్న పక్క పోటీదారుణ్ణి అడిగి పట్టకారు తీసుకుని, నాలుగు నెలల సీటుని ఊడబెరికి చొక్కా జేబులో వేసుకున్నారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటం అంటారే, దాన్ని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు.

మా కారుకి మొదటి బహుమతి వచ్చింది, కొలతల్లో నిజాయితీ విభాగంలో. (రెండోది ఒక పళ్ళ డాక్టరుగారికి. ఆయన కారు అద్దం నువ్వుగింజంత పెద్దదైంది.) చప్పట్లు కొట్టారు. నాన్న చేతిలో కప్పు పెట్టారు. అప్పుడే అమ్మ లోపలికి వచ్చి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, వంగి కిటికీలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"సీటేదీ?"

నిర్ధారణాధికారే జవాబిచ్చారు, ఎంతో మర్యాదగా.

"ఈ కారుకి వెనక సీటు లేదమ్మా. మీ ఆయనే రాసిచ్చారు."

అమ్మ నన్ను చెయ్యిపట్టి ముందుకు లాగింది. "మరి దీన్ని నేనెక్కడ కన్నానట?"

ఆయన వేలు తడిచేసుకుని ఫైలంతా తిరగేశారు. ఆయనకి నిజంగానే సాయం చేయాలనుంది.

"డిక్కీలో అయ్యుంటుందమ్మా. డిక్కీ ఫైల్లో ఉంది."

ఇంటికి వచ్చేదాకా నాన్న జేబు మీంచి చెయ్యి తీయలేదు. వారం తిరక్కుండా జననాల శాఖ నుంచి, రికార్డులు సరిచూసి సవరించిన నా ధ్రువపత్రం వచ్చింది. జన్మస్థలం: డిక్కీ. మా ఇంటికి వచ్చిన ప్రభుత్వ కాగితాల్లో అక్షరం తప్పు లేనిది అదొక్కటే.