నల్ల లాగు సంతాపం

మలకీ డగ్గన్‌ను సైకిలెక్కించింది డాక్టరు కాదు, భార్య డింప్నా. డాక్టరు "కాస్త ఒళ్ళు తగ్గాలి మలకీ" అని ఊరుకున్నాడు. డింప్నా ఊరుకోలేదు. ఇంటికి రాగానే వెన్న గిన్నెను బీరువాలో పెట్టి తాళం వేసింది, వేపుళ్ళ మూకుడు పక్కింటికి దానం చేసింది, సాయంత్రానికల్లా పంక్చర్ ప్యాకీ దుకాణం నుంచి సన్నటి చక్రాల సైకిలొకటి తెచ్చి గుమ్మంలో నిలబెట్టింది.

ఆమె భయం ఆమెది. మలకీ తండ్రి అరవై చూడలేదు. బాబాయి అరవై దరిదాపులకే రాలేదు. మలకీకి యాభై ఎనిమిది నడుస్తున్నాయి. ముప్ఫై ఏళ్ళు డెయిరీ వాళ్ళ పాల లారీ తోలి, మొన్న వసంతంలో రిటైరై, అప్పటి నుంచి కుర్చీని వదలకుండా కూర్చున్నాడు. కూర్చున్న చోటే పొట్ట పెరిగింది.

"ఇదేం లాగు? ఒంటికి రంగేసినట్టుంది!" అన్నాడు మలకీ అద్దం ముందు నిలబడి.

"సైకిలు తొక్కేవాళ్ళందరూ అదే వేసుకుంటారు. నల్లది ఏరి మరీ తెచ్చాను. నలుపులో మనిషి సన్నగా కనిపిస్తాడట."

"ఎవరికి?"

"దూరంగా ఉన్నవాళ్ళకి. అందుకే దూరం వెళ్ళు."

వెళ్ళాడు. మోనహన్ జిల్లాలో చదునైన చోటు కావాలంటే భోజనాల బల్ల మీద వెతుక్కోవాలి. ఒక గుట్ట దిగీ దిగకముందే ఇంకో గుట్ట ఎదురొస్తుంది. లారీ తోలినన్నాళ్ళూ ఈ గుట్టలన్నీ ఎక్కడ దాక్కున్నాయో మలకీకి అర్థం కాలేదు. మొదటి వారమంతా మొదటి గుట్ట దాకా వెళ్ళి, కంచె వెనక గొర్రెలకు ఎదురుగా కూర్చుని, కాసేపయ్యాక ముఖం మీద నీళ్ళు చల్లుకుని ఇంటికి వచ్చేవాడు. ఆ తడి చెమటేనని డింప్నా నమ్మింది. లేదా నమ్మినట్టు కనిపించింది.

రెండో వారంలో లిస్‌నబో రోడ్డు మీద అతనికి శవయాత్ర ఎదురైంది.

శవయాత్ర ఎదురైతే ఆగాలి, తల మీదిది తియ్యాలి, వెనక్కి తిరిగి వాళ్ళతోపాటు మూడడుగులైనా వెయ్యాలి. అది మలకీకి తల్లి నేర్పిన మర్యాద. సైకిలు దిగి, హెల్మెట్ తీసి, వెనక్కి తిరిగి మూడడుగులు వేశాడు. నాలుగో అడుగు వెయ్యడానికి కారణం రోడ్డు దిగుడుగా ఉండటమే. చర్చి దాకా దిగుడే.

"మన పాల లారీ మలకీ కాదూ!" పోయిన ముసలమ్మ కొడుకు వచ్చి చేతులు పట్టుకున్నాడు. "మా అమ్మ కోసం ఇంత దూరం, ఇన్ని గుట్టలు, సైకిలు మీద వచ్చావా!"

నిజం చెబుదామని మలకీ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే చర్చి పక్క హాల్లోకి ఆడవాళ్ళు పెద్ద పెద్ద పళ్ళేలు మోసుకుపోవడం కంటబడింది. మందపాటి రొట్టెలు, వాటి మధ్య నాలుకలు బయట పెట్టినట్టు పందిమాంసపు హామ్ ముక్కలు. పదిహేను రోజులుగా ఉప్పులేని ఓట్స్ జావ తాగుతున్న మనిషి నోరు మళ్ళీ మూతపడింది.

"మీ కష్టానికి చాలా బాధగా ఉందయ్యా," అన్నాడు.

అది మరీ అబద్ధమూ కాదు. ఆ ముసలమ్మ కస్సీ, చలికాలం పొద్దున్నే పాల డబ్బా మూత మీద వేడి కేకు ముక్క గుడ్డలో చుట్టి పెట్టేది అతని కోసం. హాల్లో ఆ సంగతి చెబుతుంటే మలకీ కళ్ళు నిజంగానే చెమర్చాయి. కొడుకు ఏడ్చాడు, కోడలు ఏడ్చింది. ఏడుస్తూనే అతని పళ్ళెంలో ఇంకో నాలుగు సాండ్‌విచ్‌లు వేసింది. దుఃఖమూ నిజమే, ఆకలీ నిజమే. ఏ సాండ్‌విచ్ దేని కోసం తిన్నాడో అతనికే తెలియదు.

మర్నాటి నుంచి మలకీ పొద్దున తొమ్మిది గంటల వార్తలు శ్రద్ధగా వినసాగాడు. వార్తల తర్వాత జిల్లా రేడియోలో పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఏ ఊరు, ఏ చర్చి, ఎన్నింటికి అన్నీ చెబుతారు. ఆ కాసేపు జిల్లా అంతా చెంచా చప్పుడు కూడా చెయ్యదు. మలకీ కూడా చెయ్యడు, కాకపోతే అతని ముందు రోడ్ల మ్యాప్ పరిచి ఉంటుంది.

సైకిలు సంఘం కుర్రాళ్ళు దారుల్ని ఎత్తునుబట్టీ దూరాన్నిబట్టీ లెక్కేసుకుంటారు. మలకీ లెక్క వేరు. డ్రమ్‌కారో దారి అంటే గుడ్డు, ఉల్లిపాయ. లిస్‌నబో అంటే దళసరి హామ్. కార్నగాల్ అంటే గుట్టలు మూడు, గాలి ఎదురు, అయితేనేం, ఆపిల్ టార్ట్ మీద మీగడ బోర్లిస్తారు.

"ఇవాళ ఎటు?" అంది డింప్నా.

"కార్నగాల్ వైపు."

"అటు ఎదురుగాలని నిన్ననేగా ఏడ్చావు?"

"ఎదురుగాలి గుండెకి మంచిదట."

"కార్నగాల్‌లో ఎవరో పోయారని ఇప్పుడే చదివారు."

"అవునా? నేను వినలేదే! పాపం. దారిలో కనిపిస్తే ఒకసారి తలవంచి వస్తాలే."

"పొట్ట అడ్డొస్తుంది, జాగ్రత్తగా వంచు."

జిల్లాలో మలకీ తొక్కని రోడ్డు లేదిప్పుడు. పిక్కలు ఓక్ దుంగల్లా అయ్యాయి. పొట్ట మాత్రం చెక్కు చెదరలేదు. డింప్నా సైకిలు దుకాణానికి వెళ్ళి ఫిర్యాదు చేసింది. పంక్చర్ ప్యాకీ ఆమెకు వరసకు తమ్ముడు.

"నువ్విచ్చిన సైకిలు పనిచెయ్యడం లేదురా."

"చక్రాలు తిరగట్లేదా అక్కా?"

"చక్రాలు బాగానే తిరుగుతున్నాయి. మనిషే కరగట్లేదు."

ప్యాకీ తల వంచుకుని, పంక్చరు పడని ట్యూబుకు పంక్చరు వెతకడం మొదలుపెట్టాడు. అంతకు రెండ్రోజుల ముందే డ్రమ్‌కారో హాల్లో బావగారూ తనూ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టారు. ప్యాకీ ఒక్క ముక్క బయటపెట్టలేదు. పెట్టకపోవడంతోనే డింప్నా అనుమానం రూఢి అయిందని మలకీకి తర్వాతెప్పుడో తెలిసింది.

ఆదివారం పూజలో ఫాదర్ ఫెర్గల్ ప్రసంగం మధ్యలో ఆగి, మలకీని వేలు పెట్టి చూపించాడు. "ఎండనకా వాననకా సైకిలు మీద గుట్టలెక్కి, పరాయి ఊళ్ళలో దుఃఖంలో ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకుంటున్నాడు ఈ మనిషి. ఆ నల్లబట్టలు చూస్తే చాలు, జనానికి ధైర్యం వస్తోందట!"

చర్చిలో అందరూ తిరిగి చూశారు. అందరికన్నా నెమ్మదిగా తిరిగింది డింప్నా.

"నాకు చెప్పలేదే?" అంది గుసగుసగా.

"మంచి పనులు చెప్పుకోకూడదు కదా డింప్నా."

"అలాగా," అంది.

ఆ "అలాగా" విన్నాక రెండు రోజులు మలకీకి జావ కూడా సరిగ్గా అరగలేదు. కానీ మూడో రోజు రేడియోలో ముల్లన్‌రో ఆంబ్రోస్ పేరు చదివారు. పెళ్ళీపెటాకులూ లేని రైతు, పెద్ద మనసు, బోలెడుమంది మేనల్లుళ్ళు. ముల్లన్‌రో అంటే జిల్లా మొత్తానికి ఎత్తయిన గుట్ట. అక్కడి హాల్లో సూప్‌లో చెంచా నిలబడుతుందని పేరు. మలకీ లాగు తొడుక్కున్నాడు.

అక్కడ శవపేటిక మోసేవాళ్ళలో ఒక మేనల్లుడికి నడుం పట్టేసింది. "మలకీ అన్నా, నువ్వు రా! నీకన్నా తగినవాడెవరు?" అని పెట్టె కింద భుజం పెట్టించారు. కాదనడానికి నోరెక్కడిది? సైకిలు బూట్ల అడుగున లోహపు బిళ్ళలున్నాయని చెప్పే వ్యవధి కూడా లేకపోయింది. రాళ్ళ బాట మీద టకటకలాడుతూ గంభీరంగానే నడిచాడు. సమాధుల తోటలో తడిగడ్డి మీద మాత్రం బూట్లు తమ దారి తాము చూసుకున్నాయి.

పెట్టెకేమీ కాలేదు, మిగతా అయిదుగురూ గట్టివాళ్ళు. మలకీ ఒక్కడే పూలచక్రాల మీద చతికిలబడి, వాటితో సహా జర్రున గేటు దాకా జారిపోయాడు. లేచేసరికి మెడలో "ప్రియమైన మామయ్యకు" అన్న రిబ్బను వేలాడుతోంది. మేనల్లుళ్ళు పెదాలు బిగపట్టారు. ఫాదర్ ఆకాశంలోకి చూశాడు. ఆఖరికి పెద్ద మేనల్లుడు "మామయ్య ఉంటే పగలబడి నవ్వేవాడు" అని తనే పగలబడి నవ్వాడు. ఇక ఎవరూ ఆపుకోలేదు.

ఇంత పరువు పోయాక సూప్ అయినా దక్కాలని మలకీ కుంటుకుంటూ హాల్లోకి నడిచాడు. బల్ల వెనక, ఏప్రాన్ కట్టుకుని, టీ వంచుతున్నది డింప్నా.

"రా మలకీ. దెబ్బ తగిలిందా?"

"లేదు... సూప్..."

"అయిపోయింది." ఆమె వెనక కుండలోంచి ఆవిరి లేస్తోంది.

"పోనీ, హామ్?"

"దగ్గరి బంధువులకి."

"నేను పెట్టె మోశాను!"

"సగం దూరం." అని ఒక పళ్ళెం ముందుకు తోసింది. నాలుగు దోసకాయ చక్రాలు, వెన్న రాయని ఒక ఎండు బిస్కట్టు.

మలకీ తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. "ఎప్పుడు తెలిసింది?"

"రెండో చావుకే. జావ తాగి వెళ్ళినవాడు ఉల్లిపాయ వాసనతో వచ్చి ముద్దుపెడితే తెలియదా?"

"మరి ఇన్నాళ్ళూ ఊరుకున్నావే?"

"గుట్ట అవతల హామ్ ఉంటే తప్ప నువ్వు గుట్ట ఎక్కవుగా! కాళ్ళకి పని దొరికింది, దొరకనీ అనుకున్నాను. ఇక నోటి సంగతి. జిల్లాలో ప్రతి హాల్లో టీ కాచే ఆడవాళ్ళకీ చెప్పేశాను. నల్లలాగు మనిషొస్తే దోసకాయ."

"అయితే రేపటి నుంచి నేను రాను పో!"

డింప్నా జవాబు చెప్పనవసరం లేకపోయింది. లిస్‌నబో కస్సీ కొడుకు వచ్చి మలకీ భుజం తట్టాడు. "ఆదివారం అమ్మ నెల పూజ. నువ్వు రాకపోతే లోటుగా ఉంటుంది." అతని వెనకే కార్నగాల్ వాళ్ళు. వాళ్ళ వెనకే డ్రమ్‌కారో వాళ్ళు. నెల పూజకు సాండ్‌విచ్‌లు ఉండవు, ప్రార్థనే ఉంటుంది.

"తప్పకుండా వస్తాడు," అంది డింప్నా అందరికీ. "సైకిలు మీదే."

వాళ్ళు వెళ్ళాక మలకీ బిక్కమొహం పెట్టాడు. "ఒక్క ముక్క తింటే ఏం కొంప మునిగిపోతుందే?"

డింప్నా చేతిలో టీ కెటిల్ ఆగిపోయింది.

"పొద్దున ఆ రేడియోలో నువ్వు హామ్ వింటావు. నేను పేర్లు వింటాను. ఏదో ఒక రోజు నీ పేరు చదువుతారేమోనని గుండె చిక్కబట్టుకుని వింటాను. నీ చావుకొచ్చినవాళ్ళకి సాండ్‌విచ్‌లు చెయ్యడం నా వల్ల కాదు మలకీ. ముందే చెబుతున్నా. నా వల్ల కాదు."

పరాయివాళ్ళ దుఃఖానికి అలవాటుగా చెప్పే మాట మలకీ నోటి దాకా వచ్చి ఆగింది. ఇది తన ఇంటి దుఃఖం. దోసకాయ చక్రాలు ఒక్కొక్కటే అన్నీ తినేశాడు. బిస్కట్టు కూడా తిన్నాడు.

బయటికి వచ్చాక, సైకిలు కారులో పడేసి హాయిగా ఇంటికి పోవచ్చన్న ఆశ మిగిలింది. "కారెక్కడ పెట్టావ్?"

డింప్నా గోడ వైపు చూపించింది. అతని సైకిలు పక్కన బుట్ట తగిలించిన ఆడవాళ్ళ సైకిలొకటి ఆనించి ఉంది.

"దీని మీదా? ఈ గుట్టంతా?"

"మూడు చోట్ల దిగి నడిచాను. గొర్రెలు నవ్వాయి. నవ్వితే నవ్వనీ. నువ్వెక్కడికి వెళ్ళినా ఇక నా కళ్ళ ముందే వెళ్ళాలి."

దిగుడు బాటలో పక్కపక్కనే వచ్చారు. ఎదురొచ్చిన ట్రాక్టరు వాళ్ళకు ఇద్దరూ ఆ జిల్లా పద్ధతిలో చూపుడువేలు ఎత్తి పలకరించారు. తర్వాతి గుట్ట పైన డింప్నా ఆగి, బుట్టలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. సగం సాండ్‌విచ్. దళసరి హామ్.

"సగమే," అంది.

"మిగతా సగం?"

"ఎక్కేటప్పుడు నేను తిన్నాను. ఉత్తినే ఎక్కుతారేంటి ఎవరైనా ఈ గుట్ట!"

మర్నాడు తొమ్మిదింటికి మలకీ దుప్పటి ముసుగులోంచే చెవి ఒగ్గాడు. రేడియోలో ఒక్క పేరూ చదవలేదు. జిల్లా అంతా క్షేమం. హమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

"లే," అంది డింప్నా.

"ఇవాళ ఎవరూ పోలేదే!"

"అందుకే లెమ్మంటున్నాను. బతికున్నవాళ్ళని చూసొద్దాం. నీ పాల లారీ దారిలో ముసలివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ముందు కార్నగాల్ అవతల నోరీన్ పిన్ని."

"ఆ పిసినారా? టీలో పంచదార కూడా వెయ్యదు!"

"అందుకే ముందు ఆవిడ."

మలకీ మూలుగుతూ లేచి నల్ల లాగు కోసం మంచం కింద వెతికాడు. అది కుర్చీ మీద ఉంది. ఉతికి, ఆరేసి, నడుం దగ్గర కాస్త బిగించి కుట్టి ఉంది. మారు మాట్లాడకుండా ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. పట్టింది.