డబ్బా మీది నాలుగో సూచన

స్నానాలగది తలుపు మీద అంటించిన టైంటేబులు మాస్టారు స్వయంగా గీసిందే. స్కేలు పెట్టి, రెండు రంగుల సిరాతో గీశారు. ఆరున్నర నుంచి ఏడు దాకా తను, ఏడు నుంచి ఏడున్నర దాకా భార్య, ఆ తరవాత కూతురు. తల్లి పేరుకెదురుగా మాత్రం 'ఎప్పుడైనా' అని రాశారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కనక గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. ఆచరణే వంకర. ఆ రోజు ఏడుంబావు దాటినా లోపల నీళ్ళ చప్పుడు ఆగలేదు.

"ఏమండీ! ఏడుంబావయింది. ఇది నా వంతు!"

"తల రుద్దుకుంటున్నా. నురుగింకా వదల్లేదు!"

"నురుగు పట్టుకోడానికి అక్కడేముందండీ? ఉన్న నాలుగు వెంట్రుకలకీ నలభై అయిదు నిమిషాలా?"

"నాలుగే గనక జాగ్రత్త. నీకేం, గుప్పెడు రాలినా లెక్కలోకి రావు."

హాల్లో పేపరు చదువుతున్న అత్తగారు తల ఎత్తకుండానే అంది: "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. నీళ్ళలోకి దిగితే బయటికి లాగడానికి ఇద్దరు కావాలి."

వేరే రోజైతే మాస్టారి భార్య నవ్వి ఊరుకునేది. ఆ రోజు ఊరుకునేందుకు వీల్లేదు. నగర నీటి సరఫరా ఆఫీసులో ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా గుమాస్తా. సెక్షను సూపరింటెండెంటు ఆ రోజే రిటైరవుతున్నారు. ఆ కుర్చీ కోసం ఆవిడ పెట్టుకున్న దరఖాస్తు, కిందటి సాయంత్రమే వచ్చి చేరిన కొత్త ఆఫీసరు బల్ల మీద ఉంది. వీడ్కోలు సభ కాగానే ఆయన దాని మీద సంతకం పెట్టాలి. లేదా పక్క ఆఫీసు నుంచి ఎవరినైనా పంపమని రాసెయ్యాలి. ఆఫీసరు తనని మొదటిసారి చూడబోయేది ఆ సభలోనే. అయిదు రోజులుగా నీళ్ళు చూడని జుట్టు చూస్తే ఆవు నాకినట్టు నెత్తికి అతుక్కుపోయి ఉంది.

"అమ్మా, ఇది కొట్టుకో." కూతురు ఒక పొడుగాటి డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "డ్రై షాంపూ. నీళ్ళక్కర్లేదు. జిడ్డంతా అదే పీల్చేస్తుంది. మా కాలేజీలో సగం మంది దీని మీదే బతుకుతున్నారు."

"అందుకేనా వారానికోసారి కూడా నీ తల తడవదు?"

"తిట్లు సాయంత్రం. ముందు వెనకాల రాసింది చదువు."

ఆవిడ మందు సీసా మీద కాగితం కూడా మొదట్నుంచి చివరిదాకా చదివే రకం. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకటి: జుట్టును పాయలుగా విడదీయండి. రెండు: డబ్బాను బాగా ఊపి, జానెడు దూరం నుంచి కుదుళ్ళ మీద చల్లండి. మూడు: రెండు నిమిషాలు ఆగండి. నాలుగు: వేళ్ళతో రుద్ది, తెల్లటి పొడి పోయేదాకా దువ్వండి.

ఇంట్లో అద్దాలు రెండు. ఒకటి స్నానాలగదిలో మాస్టారి దగ్గరుంది. రెండోదాని ముందు కూతురు కనుబొమ్మలు దిద్దుకుంటోంది. ఆవిడ వంటింట్లో స్టీలు పళ్ళేన్ని గోడకి ఆనించి, కళ్ళజోడు తీసి, పాయ తీసి చల్లుకుంది. పళ్ళెంలో ఏమీ తెలియలేదు. మళ్ళీ చల్లింది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో తేలక మరో చిటికెడు, మరో చిటికెడు వేసినట్టు, సగం డబ్బా అయ్యేదాకా చల్లింది. తరవాత పొయ్యి పక్క గడియారం చూసుకుంటూ, కదలకుండా, మూడో సూచన పాటించింది.

ఒక నిమిషం నలభై సెకన్లకి వీధిలో ఆఫీసు వ్యాను హారను మోగింది. ఏనాడూ వేళకి రాని వ్యాను ఆ రోజు పది నిమిషాలు ముందొచ్చింది. ఆ డ్రైవరు మూడు హారన్లు కొడతాడు, నాలుగోది పక్కవీధిలో వినిపిస్తుంది. ఆవిడ జుట్టుని ఉన్నదున్నట్టే మెత్తగా పట్టి క్లిప్పు పెట్టుకుని, సంచీ అందుకుని పరుగెత్తింది. నాలుగో సూచన వంటింట్లోనే ఉండిపోయింది.

వ్యానులో పక్కసీటు టైపిస్టుది. ఆవిడకన్నా రెండేళ్ళు చిన్నది. నెలకి రెండుసార్లు జుట్టుకి రంగేసుకుంటుంది. ఎక్కిన మనిషిని చూసి ఆ అమ్మాయి ముందు నోరు తెరిచింది, తరవాత మూసింది, ఆ తరవాత చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీ ధైర్యానికి దండం పెట్టాలి. నాకైతే ఇంకో పదేళ్ళకి గాని రాదు."

దరఖాస్తు సంగతి బయటికి పొక్కిందని ఆవిడ అనుకుంది. "ఇందులో ధైర్యానికేముందే? ఇన్నేళ్ళయింది. ఉన్నదేదో నలుగురికీ తెలియనీ."

"మీ ఆయనేమన్నారు?"

"ఆయనకి తన తల గొడవే సరిపోయింది."

టైపిస్టు నిట్టూర్చి, సంచీలోంచి చిన్న అద్దం తీసి తన పాపిట చూసుకుని గబుక్కున మూసేసింది.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. మామూలుగా అతను కూర్చునే సలాం కొడతాడు. "మెల్లిగా అమ్మా, మెట్లు జాగ్రత్త" అంటూ సంచీ అందుకున్నాడు. లిఫ్టులో నలుగురు తప్పుకుని దారిచ్చారు. ఫైలు మొహాన విసిరే కాషియరు స్టూలు జరిపి, "నిలబడకండమ్మా" అన్నాడు. ప్రమోషను ఇంకా రాకముందే ఇంత మర్యాద వస్తే, వచ్చాక ఎలా ఉంటుందో అని ఆవిడ మురిసిపోయింది. తల కూడా ఎంతో తేలిగ్గా ఉంది. డబ్బా మంచిదే అనుకుంది.

సభ పదిన్నరకి మొదలైంది. ముందు వరసలో ఒక కుర్చీకి పూలు కట్టారు. దాని పక్కన నిలువు ఫ్యాను, బల్ల మీద గోడగడియారం బహుమతి, ఆఫీసరు చదవబోయే ప్రసంగం ఉన్నాయి. ఆ ప్రసంగం రాసింది ఆవిడే. సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలి చెబుతుంటే, "సూపరింటెండెంటు గారు అది చేశారు, ఇది చేశారు" అంటూ రెండు పేజీలు రాసింది. ఆయన మాత్రం తలుపు దగ్గర అతిథుల్ని పలకరిస్తున్నారు. అరవై ఏళ్ళ తల మీద కొత్త బూటుకి వేసిన పాలిష్‌లా నల్లటి రంగు నిగనిగలాడుతోంది.

ఆఫీసరు లోపలికి వచ్చారు. ఒకసారి గది అంతా పరికించారు. నల్లటి తలలు ముప్పై ఉన్నాయి, తెల్లటి తల ఒక్కటే ఉంది. ఆయన తిన్నగా దాని దగ్గరికి నడిచారు.

"రండమ్మా, మీరలా వెనక నిలబడితే ఎలా?" అని పూలకుర్చీ చూపించారు.

"సార్, అది నాది కాదండీ."

"ఈ వినయమే మీ తరం వాళ్ళ గొప్పదనం. కూర్చోండి."

ఆవిడ సూపరింటెండెంటు వైపు చూసింది. ఆయన నోరు తెరిచారు. కానీ ఆయన తల వెనక గోడ మీద, ఆయన సంతకంతోనే, పదకొండేళ్ళుగా ఒక కాగితం వేలాడుతోంది: 'సభలో అధికారి మాట్లాడునపుడు సిబ్బంది మధ్యలో మాట్లాడరాదు.' దాన్ని మీరినందుకు ఆయన ఎంతమందికి మెమోలు ఇచ్చారో లెక్కలేదు. ఆయన నోరు మూసుకున్నారు. ఆఫీసరు అప్పటికే ఆవిడని కూర్చోబెట్టి ప్రసంగం ఎత్తుకున్నారు.

"పాతికేళ్ళ ఫైళ్ళని వీధుల వారీగా సర్దించి, ఏ కాగితమైనా అయిదు నిమిషాల్లో దొరికేలా చేసినవారు మన సూపరింటెండెంటు గారు." సిబ్బంది పూలకుర్చీ వైపు చూసి చప్పట్లు కొట్టారు. ఆ ఫైళ్ళు సర్దిందెవరో అందరికీ తెలుసు. "మూడు వీధుల ఫిర్యాదులు కలగాపులగమైతే సెలవు రోజుల్లో కూర్చుని విడదీసిన వారు..." ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. కాషియరు బల్ల కూడా చరిచాడు. "వరద రోజున మోకాటి లోతు నీళ్ళలో నాలుగు వందల ఫైళ్ళు పై అంతస్తుకి చేర్చిన వారు..."

ఆఫీసరు కాగితం దించారు. "అన్ని ఫైళ్ళు ఎలా మోశారమ్మా?"

అడిగితే జవాబు చెప్పకపోవడం ఆవిడకి చేతకాదు. "కిటికీ కర్టెన్లు ఊడదీసి మూటలు కట్టామండీ. నేనూ టైపిస్టూ. రెండొందల పన్నెండోది తడిస్తే ఇంటికి తీసుకెళ్ళి ఇస్త్రీ చేశాను."

"ఈ వయసులో!" ఆఫీసరు చుట్టూ చూసి కేకేశారు. "ఎవరయ్యా అక్కడ, అమ్మగారికి చెమటలు పడుతున్నాయి, ఫ్యాను వెయ్యండి!"

వాచ్‌మన్ మర్యాద కొద్దీ ఫ్యానుని చివరి నంబరులో పెట్టాడు. క్లిప్పు వదులైంది. సగం డబ్బా పొడి ఒక్కసారిగా లేచి, మేఘంలా బల్ల దాటి, ఆఫీసరు నల్లకోటు మీద దిగింది. ఆయన ఏడుసార్లు తుమ్మి, కళ్ళు తుడుచుకుని చూస్తే, ఎదురుగా నలభై నాలుగేళ్ళ ఆడమనిషి నల్లటి జుట్టు మొహం మీంచి తోసుకుంటోంది.

"ఇదేమిటి! మీకు వయసు తగ్గుతోందేమిటి?"

"డ్రై షాంపూ సార్," అంది ఆవిడ. సిగ్గుతో కుర్చీలోంచి లేచిపోయింది. ప్రమోషను పొడితో పాటే ఎగిరిపోయిందనుకుంది. "దువ్వుకోడానికి టైము దొరకలేదు. రిటైరయ్యేది నేను కాదండీ."

"మరెవరు?"

తలుపు దగ్గర్నుంచి ఒక చెయ్యి లేచింది. సూపరింటెండెంటు మాట్లాడటానికి అనుమతి అడుగుతున్నారు.

ఆఫీసరు ఆ తలని ఎగాదిగా చూశారు. "మీరా? మీకింకా పదేళ్ళ సర్వీసుందనుకున్నానే!"

అవమానంతో ఉడికిపోతున్న పెద్దమనిషి ఆ మాటకి వెన్నలా కరిగిపోయారు. ముప్పై నాలుగేళ్ళలో ఏ అధికారీ ఆయన్ని అంత బాగా పొగడలేదు.

"అయితే ఆ కర్టెన్లు, మూటలు?" ఆఫీసరు అడిగారు.

"నేను ఆ వారం సెలవులో ఉన్నాను సార్," అన్నారు సూపరింటెండెంటు, చెవి పక్క జుట్టు సవరించుకుంటూ. "ఫైళ్ళూ ఆవిడే సర్దింది. ఆ మాటకొస్తే ప్రసంగం కూడా ఆవిడే రాసింది."

ఆఫీసరు కోటు దులుపుకున్నారు. చదివిన ప్రసంగాన్ని మళ్ళీ చదవడం ఆయనకి ఇష్టం లేకపోయింది. గడియారం సూపరింటెండెంటు చేతిలో పెట్టి, ఆవిడ దరఖాస్తు తెప్పించి, దానికి ప్రసంగం కాగితాలు జతపరిచి, అక్కడికక్కడే సంతకం పెట్టారు.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఇదంతా చెప్పేసరికి అత్తగారికి నవ్వుతో పొరబోయింది. మాస్టారు లేచి తల్లి నెత్తి మీద తట్టారు.

"నేను వేళకి బయటికొచ్చుంటే నీకీ ప్రమోషను వచ్చేదా? ఆలోచించు," అన్నారు, కంచం ముందు మళ్ళీ కూర్చుంటూ.

"ఆలోచించానండీ. సూపరింటెండెంటు అరగంట ముందు ఆఫీసులో ఉండాలి." ఆవిడ మడతపెట్టిన కాగితం ఒకటి తీసి కంచాల మధ్య పెట్టింది. గీతలు తిన్నగా ఉన్నాయి. కింద సంతకం కూడా ఉంది. "రేపట్నుంచి మొదటి వంతు నాది. తరవాత అమ్మాయిది. అత్తయ్యగారిది ఎప్పట్లాగే ఎప్పుడైనా. మీకు చివర్లో అయిదు నిమిషాలు."

"అయిదు నిమిషాల్లో తల ఎలా రుద్దుకోను?"

"ఉందిగా నాన్నా," అంటూ కూతురు మిగిలిన సగం డబ్బా ఆయన ముందుకి తోసింది.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని డబ్బా తిప్పి చదివారు. మొదటి సూచన దగ్గరే ఆగిపోయారు: జుట్టును పాయలుగా విడదీయండి.