నీళ్లు లేవు, ఓవర్

బూదికొండ మండల ప్రజలకు తెలియజేయడమేమనగా, వరద హెచ్చరికల నిమిత్తం మండల కార్యాలయానికి కేటాయించిన వైర్‌లెస్ ఫ్రీక్వెన్సీ ఇన్నేళ్లలో ఒక్క వరద గురించైనా హెచ్చరించిన పాపాన పోలేదు కనుక, దాన్ని వెనక్కి తీసుకుని దేశాభివృద్ధి కోసం వేలం వేయడమైనది. ఈ ప్రకటనను మైకులో చదివే బాధ్యత వైర్‌లెస్ ఆపరేటర్ తిప్పేస్వామికే అప్పగించారు. ఎవరి మెడకు తాడు వేసినా ముడి వాళ్ల చేతే వేయించడం సర్కారు మర్యాద.

తిప్పేస్వామి ఉద్యోగం చూడ్డానికి చిన్నదే. తెల్లవారగానే ఎగువన, కర్ణాటక సరిహద్దులోని ఆనకట్ట నుంచి వైర్‌లెస్ సెట్టులో ఒక మాట వస్తుంది. దాన్ని ఆఫీసు మిద్దె మీది మైకులో ఊరికి చెప్పి, పొద్దుగూకేదాకా మైకులో పాటలు మోగిస్తూ ఉండాలి. ఎగువ నుంచి వచ్చే మాట ఎప్పుడూ ఒకటే: “ఏట్లో నీళ్లు లేవు, ఓవర్.”

మడకశిర దిక్కున ఏట్లో నీళ్లు లేవని చెప్పడానికి ఒక మనిషీ, ఒక జీతమూనా అని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఆ ఊరికి ఏరే పొలం. ఇసుకలో చెలమలు తోడి దోస పాదులు పెడతారు. గొర్రెలను తోలేదీ అక్కడికే. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లొచ్చి మీద పడతాయి. అందుకని మైకు పెట్టిన నాడే ఊరు ఒక కట్టుబాటు చేసుకుంది. మైకు ఆ మాట చెబితేనే ఏట్లో దిగాలి, ఆ తర్వాత మైకు మూగబోతే ఎందుకని అడక్కుండా గట్టెక్కాలి. కరెంటు పోయినా మైకు మూగబోయేది, జనం గట్టెక్కేవాళ్లు. ఆ రకంగా కరెంటు కోతలు ప్రజల ప్రాణాలకు చేసిన సేవ ఇంకా ఏ రికార్డులోకీ ఎక్కలేదు.

వేలం నిర్ణయానికి ముందు స్పెక్ట్రమ్ సద్వినియోగ కమిటీ పుట్టపర్తిలో బస చేసి, ఒక పూట వీలు చూసుకుని వచ్చి, తిప్పేస్వామి మైకులో చెప్పే మాట విన్నది. అధ్యక్షులవారు లేచి ప్రసంగించారు. “లేవు అని చెప్పడం సమాచారం కిందికి రాదు. అది సమాచారం లేకపోవడం. లేనిదాన్ని మోయడానికి అమూల్యమైన తరంగాలను వాడటం జాతీయ సంపదను ఇసుకలో పోయడమే.” అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు ఊరికే ఉన్నాయి కదా అని తిప్పేస్వామి కూడా కొట్టాడు.

“సార్, నీళ్లు వస్తే?” అని మాత్రం అడిగాడు.

“వచ్చినప్పుడు చూద్దాం” అన్నారు అధ్యక్షులు. కమిటీ దాన్ని భవిష్యత్ ప్రణాళిక కింద రాసుకుంది.

వేలంలో గాలిమేడ నెట్‌వర్క్స్ అనే కంపెనీ ఫ్రీక్వెన్సీతో పాటు మైకునూ దక్కించుకుని, పొద్దుటి నుంచి ప్రకటనలు మోగించడం మొదలుపెట్టింది. వినేవాడు లేడు. ‘నీళ్లు లేవు’ అన్న మాట వినపడక ఊరు ఏట్లో దిగడమే మానేసింది. దోసకాయలు పాదుల్లోనే పండి పగిలిపోయాయి. తిప్పేస్వామి అక్క సుంకమ్మ గొర్రెలను దొడ్లోనే కట్టేసి, కంపెనీని మూడు తరాల వెనక్కి వెళ్లి మరీ తిట్టింది. అప్పుడు కంపెనీ మేనేజరు అభిలాష్ సర్వే చేయించి, మండలంలో అత్యంత ప్రజాదరణ గల కార్యక్రమం తిప్పేస్వామి చెప్పే ఆ ఒక్క మాటేనని కనిపెట్టాడు.

అంతవరకు రికార్డు గదిలో బూజు దులుపుతున్న తిప్పేస్వామిని కారులో తీసుకెళ్లారు. శాలువా కప్పారు, ఫొటో తీశారు. గాజు గదిలో కూర్చోబెట్టి “ఏట్లో నీళ్లు లేవు, ఓవర్” అని చెప్పించి రికార్డు చేసుకున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన గొంతు బాగుందన్నవాడు ఆ రోజే దొరికాడు. మనిషి ఉబ్బిపోయాడు.

“నీళ్లు వస్తాండాయి అనేది గూడా పట్టుకోండి సార్, ఎప్పుడన్నా అక్కరకొస్తాది” అన్నాడు.

“నెగెటివ్ మాటలకు స్పాన్సర్లు దొరకరన్నా” అన్నాడు అభిలాష్, ఏలకుల టీ అందిస్తూ. టీ అయ్యేసరికి తిప్పేస్వామికీ అది నిజమేననిపించింది.

ఇక ప్రతి ప్రకటనకూ ముందు ఆయన గొంతే. “ఏట్లో నీళ్లు లేవు, ఓవర్. ఈ సమాచారం మీకు అందిస్తున్నవారు, బోరుబావుల నేస్తం.” కరెంటు పోయినా ఆగకుండా కంపెనీ బ్యాటరీ కూడా పెట్టించింది. ఊరు మళ్లీ ఏట్లో దిగింది. “మా తమ్ముడు ముందు ఒక్కసారి చెప్తాండె, ఇప్పుడు దినమంతా చెప్తాండాడు. ప్రమోషనంటే అదీ” అని సుంకమ్మ మురిసిపోయింది.

ఒక పొద్దున తిప్పేస్వామి ఎగువ ఊరి నుంచి బండి మీద ఆఫీసుకు వస్తూ, కల్వర్టు కింద ఎర్రటి నురగ కొమ్మల్నీ చెత్తనీ తోసుకుంటూ ఇసుక మీద పాకడం చూశాడు. నీటికంటే ముందు ఊరు చేరి, గట్టు మీద నుంచి గొంతు చించుకున్నాడు. “నీళ్లు వస్తాండాయి, మందల్ని ఎక్కియ్యండప్పా.”

మందల పెద్ద కుళ్లాయప్ప తలెత్తి చూశాడు. “ఏమప్పా తిప్పేస్వామీ, మైకులో నువ్వే లేవంటాండావు, ఈడ నువ్వే వస్తాండాయంటాండావు. మేం యా తిప్పేస్వామిని నమ్మేది?”

“నన్నే నమ్ము మామా, అది రికార్డు.”

“మైకులోవాడు సర్కారోడురా” అంది సుంకమ్మ, కంబళి మీద నుంచి లేవకుండానే. “నువ్వు ఉత్త నా తమ్మునివి.”

మైకు అప్పుడే ఏట్లో నీళ్లు లేవని మరోసారి హామీ ఇచ్చింది. జన్మలో మొదటిసారి తిప్పేస్వామికి తన గొంతంటే అసహ్యం వేసింది. ఇక మాటల్తో పనిలేదని ఆఫీసు మిద్దెక్కి, కరెంటు వైరూ బ్యాటరీ వైరూ కలిపి పట్టి పెరికేశాడు. ఊరంతా గప్‌చుప్ అయిపోయింది.

“మైకు ఆగిపాయ, లేయండ్రా” అన్నాడు కుళ్లాయప్ప. ఎందుకని ఒక్కరూ అడగలేదు. చివరి గొర్రె గట్టెక్కేసరికి నీళ్లు వచ్చి దోస పాదుల్నీ సుంకమ్మ కంబళినీ పట్టుకుపోయాయి.

వాణిజ్య ప్రసారానికి అంతరాయం కలిగించినందుకు తిప్పేస్వామి మీద కేసు పెట్టారు. సకాలంలో మౌనం పాటించి ప్రజల్ని కాపాడినందుకు గాలిమేడకు ప్రశంసాపత్రం ఇచ్చారు. కంపెనీ వెంటనే ‘మౌనరక్ష’ అనే పథకం తెచ్చింది. నెలనెలా రీఛార్జి చేసుకుంటే, ఆపద వేళ మైకు ఆగిపోతుంది. ఊళ్లో మొదట చేసుకున్నది సుంకమ్మే.

“అక్కా, మౌనం మనకు ఊరికే ఉండె గదా” అన్నాడు తిప్పేస్వామి.

“ఊరికే వచ్చేదాన్ని ఎట్ల నమ్మేదిరా? దుడ్లు ఇస్తేనే గదా గ్యారంటీ.”

మౌనరక్ష ప్రకటనకు గొంతు ఇస్తే కేసు ఎత్తేస్తామన్నారు. తిప్పేస్వామి ఇచ్చాడు. మళ్లీ ఎండాకాలం వచ్చింది, మందలు ఏట్లో దిగాయి, మైకు నీళ్లు లేవంటోంది. ఎగువన ఎవరైనా చూసి చెబుతున్నారా అని అడిగినవాడు మండలంలో లేడు. మీరు వాళ్లను చూసి నవ్వకండి. అంతా బాగుందని రోజూ పొద్దున్నే మీకు చెప్పే గొంతు ఉంది చూశారూ, దాని వెనక మనిషి ఉన్నాడో లేడో మీరెప్పుడైనా మిద్దెక్కి చూశారా?