ఊరు దాటిన జిల్లా బోర్డు

తెల్లవారేసరికి ఎర్రకుంట గ్రామం జిల్లా మారిపోయి ఉంది.

ముందుగా చూసింది లింగస్వామి కోడలు కళ్యాణి. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఊరి మొదట్లో కనిపించాల్సిన ‘సూర్యాపేట జిల్లాకు స్వాగతం’ బోర్డు అక్కడ లేదు. ఊరి ఆఖరి ఇల్లు కూడా దాటాక, కోదాడ వైపున నిటారుగా నిలబడి ఉంది. అంటే, ఊరు ఊరంతా నల్లగొండ జిల్లాలోకి వెళ్లిపోయింది.

కళ్యాణి దరఖాస్తు చేస్తున్న అంగన్‌వాడీ టీచరు పోస్టుకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. ఈ మండలం మనిషేనని తహసీల్దారు ఇచ్చే కాగితం ఒక్కటే తక్కువ. పొద్దున్నే వెళ్లి తెచ్చుకోవాలనుకుంది.

మామకు చెప్పింది. సర్కారు మళ్లీ ఏదో చేసి ఉంటుందని లింగస్వామి ముఖం తిప్పుకున్నాడు. ఊరూ అదే అనుకుంది. రెండువేల పదహారులో ఒకసారి జిల్లా మారినవాళ్లే కాబట్టి, నమ్మడం ఎవరికీ కష్టం కాలేదు.

ఎనిమిదింటికల్లా ఊరు రెండుగా చీలింది. మిర్యాలగూడ దగ్గరే కదా, మంచిదేనని సగం మంది. కలెక్టరాఫీసు కోసం మళ్లీ నల్లగొండ దాకా తిరగాలా అని సగం మంది. ఆ రెండో సగానికి పెద్దదిక్కైన బక్కమ్మ రోడ్డు నడుమ కుర్చీ వేసుకుని కూర్చుంది. బస్సులు ఆగాయి. వాటి వెనక లారీలు ఆగాయి.

లింగస్వామి కోడల్ని బండి మీద మండలాఫీసుకు తీసుకెళ్లాడు. మూడింటిదాకా కూర్చున్నాక, తహసీల్దారు ఎర్రకుంట ధర్నా దగ్గరే ఉన్నారని తెలిసింది. లారీల సందుల్లోంచి తిరిగి ఊరు చేరేసరికి నాలుగు దాటింది.

తహసీల్దారు ఈ మండలానికి వచ్చి వారమే అయింది. అవతలి జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాడు. తమకు ఉత్తర్వేదీ అందలేదని, అయినా బోర్డు పెట్టారంటే వచ్చే ఉంటుందని వాళ్లు చెప్పారు.

“నువ్వు ఏ జిల్లానో తేలందే సంతకం పెట్టలేనమ్మా,” అన్నాడాయన.

“నేను నిన్న గీడనే ఉన్న సార్, ఇయ్యాల గీడనే ఉన్న. జరిగింది బోర్డే గద.”

“బోర్డు ఉత్తర్వు లేనిదే జరగదు.”

కళ్యాణి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకోబోయింది. నాలుగు నలభై ఐదు.

లింగస్వామి తలగుడ్డ తీసి చేతపట్టుకున్నాడు.

“బోర్డు పీకింది నేనే సారూ. ఆమెకు జర సంతకం పెట్టుండ్రి.”

తహసీల్దారు జీపు బానెట్ మీదే సంతకం పెట్టాడు. కళ్యాణి దాన్ని ఫోన్లో ఫొటో తీసి ఆన్‌లైన్ దరఖాస్తుకు జతచేసి పంపింది. నాలుగు యాభై ఆరు.

అప్పుడు తహసీల్దారు పెన్ను మూత పెట్టి, ఎందుకు పీకావని అడిగాడు.

“రోడ్డు మీద వడ్లు ఆరబోసిన సారూ. గంత పెద్ద బోర్డు, దాని నీడంత నా వడ్ల మీదనే. తేమ ఎక్కువున్నదని కొనుగోలు సెంటర్ల రెండుసార్లు ఎనక్కి పంపిండ్రు. నిన్న రాత్రి అందరు పన్నంక ట్రాక్టర్‌కు కట్టి గుంజిన. ఊరు పొడుగూత అందరి వడ్లే ఉండె, పాతుదామంటే జాగ ఊరవతలనే దొరికింది. రేపు నా వడ్లు కాంటా అయితయి. ఎల్లుండి ఊరిని మల్ల సూర్యాపేటల కలుపుత.”